రేడియోలో విన్నవి – నలుగురికీ చెప్పినవి

(సంఘ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శిగారు ఇంటికి వచ్చి, "మాస్టారూ, మీరు తప్పకుండా మాట్లాడాలి. కానీ ఉపన్యాసం మాత్రం వద్దు" అన్నారు. ముప్పయ్యేళ్లు బడిపంతులుగా పనిచేసినవాడికి ఇది పెద్ద పరీక్షే. అందుచేత, ఉపన్యాసం ఇవ్వడం నాకింకా చేతకాని రోజుల సంగతి చెబుతాను. మా ఇంటి రేడియో సంగతి. దానిలో నేను విన్న కథల సంగతి. అంతకంటె ముఖ్యంగా, విన్నదాన్ని మరొకరికి చెప్పడంలో నేను చేసిన రెండు తప్పుల సంగతి.

1969లో మా అబ్బా ఒక పాత మర్ఫీ రేడియో కొన్నారు. నాకప్పుడు ఎనిమిదేళ్లు. పాతగుంటూరులో మా సందు మొత్తానికి అదే మొదటి రేడియో. ఇప్పటి పిల్లలకు తెలియదు గాని, ఆ రోజుల్లో రేడియో పెట్టుకోవాలంటే పోస్టాఫీసులో డబ్బు కట్టి లైసెన్సు తీసుకోవాలి. ఏటేటా దాన్ని మార్పించుకోవాలి. ఆ లైసెన్సు పుస్తకాన్ని మా అబ్బా ఇంటి దస్తావేజులతోపాటు పెట్టెలో దాచేవారు.

రేడియో ఉండేది ముందుగదిలో గోడ అరమీద. ఆడవాళ్లుండేది వెనక వసారాలో. మా అమ్మీ, ఇద్దరు ఖాలాలు, చుట్టుపక్కల ఆడవాళ్లు వ్యాపారుల దగ్గర్నుంచి మిరపకాయల బస్తాలు తెచ్చుకుని, కూలికి తొడిమలు తీసేవారు. వసారా అంతా ఘాటు. తుమ్ములు, దగ్గులు. మిరప దుమ్ము పడితే యంత్రం పాడవుతుందని రేడియోను అటు తీసుకువెళ్లనిచ్చేవారు కాదు అబ్బా. సందులోకి వినపడేటంత గట్టిగా పెట్టనిచ్చేవారూ కాదు. మరి వాళ్లు వినేదెలా? వాళ్లకు నేనే రేడియోని. ముందుగదిలో చెవి ఆనించి వినడం, కాస్త విరామం దొరకగానే వసారాలోకి పరుగెత్తి చెప్పడం, మళ్లీ పరుగెత్తుకు రావడం.

మా నానీ సంగతి వేరు. ఆమెకు బజారు తెలుగు వచ్చు గాని పుస్తకాల తెలుగు తెలియదు. చెవి కూడా కొంచెం మందం. ఆమెకు మాత్రం రాత్రి పడుకోబోయే ముందు, అంతా మన ఇంటి ఉర్దూలోకి మార్చి, మొదటినుంచీ చెప్పాలి. ఒక కథను రోజుకు మూడుసార్లు చెప్పినవాడికి అది మరిచిపోదు. నా చదువు అక్కడే మొదలయిందని నేను ఇప్పటికీ అనుకుంటాను.

ఆ రేడియో కథ కూడా కొంచెం చెప్పుకోవాలి. మన తెలుగు మాట మొదట రేడియోలో వినిపించింది దూరాన్నుంచే. మద్రాసు కేంద్రం 1938 జూన్ 16న ప్రారంభమయింది. అటు హైదరాబాదులో నిజాం ప్రభుత్వపు దక్కన్ రేడియో ఉండేది. అది 1950లో ఆలిండియా రేడియోలో కలిసింది. మన కృష్ణా, గుంటూరు జిల్లాలవారికి సొంత కేంద్రమంటూ వచ్చింది 1948 డిసెంబరు 1న, విజయవాడలో. అది మొదలు మన పంచాయతీ ఆఫీసుల అరుగులమీద, మునిసిపల్ పార్కుల్లో సాయంత్రంపూట జనం గుంపులుగా కూర్చుని వినడం అలవాటయింది. ఒక పెట్టె, నూరు చెవులు. విన్నవాళ్లు ఇంటికి వెళ్లి వినని నూరుమందికి చెప్పేవారు. ఆ చెప్పడంలోనే ఉంది అసలు సంగతి.

తెల్లవారుజామున రేడియో పెట్టగానే ముందుగా ఆకాశవాణి సంకేత రాగం వచ్చేది. ఆ బాణీ కట్టినవాడు వాల్టర్ కౌఫ్‌మన్ అనే యూదు సంగీత విద్వాంసుడు. యూరప్‌లో హిట్లర్ రోజులు. ఆయన అక్కణ్ణుంచి బయటపడి 1934లో బొంబాయి చేరి, అక్కడి రేడియోలో పనిచేశాడు. నిలువనీడ వెతుక్కుంటూ వచ్చినవాడు కట్టిన బాణీతో కోట్లాది ఇళ్లలో పొద్దు పొడిచేదన్నమాట!

ఆ తరువాత మంగళవాద్యం. ఒకనాడు నాదస్వరం వస్తోంది. వాయిద్యం పూర్తయ్యాక పేరు చెప్పారు – షేక్ చినమౌలానా. నేను పరుగెత్తుకు వెళ్లి నానీకి చెప్పాను. నానీ నమ్మలేదు. "గుళ్లో వాయించే బాకా మన షేకు వాయించడమేమిట్రా? నీకు సరిగ్గా వినపడలేదు" అంది. సాయంత్రం అబ్బా వచ్చి నిజమేనన్నాక గాని ఒప్పుకోలేదు. చినమౌలానాగారు ఒంగోలు దగ్గర కరవదిలో 1924లో పుట్టారు. మన చిలకలూరిపేటలో ఆదం సాహెబ్ దగ్గర విద్య నేర్చారు. తరువాత శ్రీరంగంలో స్థిరపడి, రంగనాథుని సన్నిధిలో త్యాగయ్య కీర్తనలు వాయించారు. 1977లో పద్మశ్రీ, 1998లో మద్రాసు మ్యూజిక్ అకాడమీవారి సంగీత కళానిధి అందుకుని, 1999లో కన్నుమూశారు. ఇదంతా నేను తరువాత తెలుసుకున్నది. ఆనాడు తెలిసిందల్లా ఒకటే – నానీ మర్నాటినుంచి తెల్లవారగానే, "ఇవాళ మన కరవది పిల్లవాడు వాయిస్తున్నాడా?" అని అడగడం మొదలుపెట్టింది. ఆయనకప్పుడు నలభై దాటాయి. అయినా నానీకి పిల్లవాడే!

షేక్ నాజర్‌గారి బుర్రకథ వస్తుందంటే మాత్రం మా సందులో పండుగే. ఆయన మన గుంటూరు దగ్గర పొన్నెకల్లు వారు. 1920లో పేద ఇంట పుట్టి, జముకుల కథను బుర్రకథగా దిద్ది, అల్లూరి సీతారామరాజు కథ, పల్నాటి యుద్ధం, బొబ్బిలి యుద్ధం ఊరూరా చెప్పి, 1986లో పద్మశ్రీ అందుకున్న మహానుభావుడు. 1997లో పోయారు. బుర్రకథ మాత్రం నేను చెప్పడం వసారావాళ్లకు చాలేది కాదు. గుమ్మెట మోత నోటితో వాయించమనేవారు. తందాన కలపమనేవారు. నేను కథకుణ్ణి, మా చెల్లెళ్లిద్దరూ వంతలు. మిరపకాయల చేటలే గుమ్మెటలు. కళ్లల్లో కారం పడి ఒకరు ఏడుస్తుంటే, అది వీరమరణం ఘట్టంలో బాగా అతికిపోయేది.

1973 తరువాత విజయవాడనుంచి ఉషశ్రీగారి గొంతు వినిపించసాగింది. ఆదివారం మధ్యాహ్నం ఆయన రామాయణ భారతాలు చెబుతుంటే బజారు నిశ్శబ్దమైపోయేది. హోటలు ముందు సైకిళ్లు ఆగిపోయేవి. ఒకనాడు కర్ణుడి కథ. ఇంద్రుడు బ్రాహ్మణ వేషంలో వచ్చి కవచకుండలాలు అడుగుతాడని సూర్యుడు ముందే హెచ్చరించాడు. అయినా కర్ణుడు కోసి ఇచ్చేశాడు. ఆ రాత్రి నానీకి ఈ కథ చెప్పాను. ఆమె లేచి కూర్చుంది. "తెలిసి కూడా ఇచ్చాడా?" అంది. "తెలిసే ఇచ్చాడు నానీ." కాసేపు మాట్లాడలేదు. తరువాత, "హాతిం కూడా అంతే బేటా. లేడిని తినబోయే తోడేలుకు తన తొడ కండ కోసి ఇచ్చాడు" అని ఆ కథంతా చెప్పింది. మర్నాడు బడిలో నా పక్కన కూర్చునే బ్రాహ్మల పిల్లవాడికి హాతిం కథ చెప్పాను. వాడు ఇంటికెళ్లి వాళ్ల మామ్మకు చెబితే, ఆవిడ శిబి చక్రవర్తి కథ చెప్పి పంపింది. చూశారా, విజయవాడలో బయలుదేరిన ఒక కథ మూడు ఇళ్లు తిరిగి మూడు కథలై వచ్చింది. ఎవరి నమ్మకం వారిదే. ఎవరి పండుగ వారిదే. కాని దానగుణాన్ని మెచ్చుకోవడంలో ఆ ఇద్దరు ముసలమ్మలకూ తేడా లేదు. ఒకరినొకరు చూసుకోనైనా లేదు.

ఇక నా తప్పుల దగ్గరికి వస్తాను.

మొదటిది నవ్వుకోదగ్గది. రంజాన్ 29వ నాటి సాయంత్రం. మబ్బు పట్టి ఆకాశంలో ఏమీ కనిపించడం లేదు. మన వాళ్లందరి ఆశా రేడియోమీదే. ఇల్లంతా జనం. రేడియోలో గరగర. "నెలవంక కనిపించినట్లు..." అని వినపడింది. అంతే! నేను ఆగలేదు. "చాంద్ హో గయా" అని కేకలు వేస్తూ సందు చివరిదాకా పరుగెత్తాను. పొయ్యిలమీద పాలు ఎక్కాయి. ఖర్జూరాలు నానాయి. దర్జీ దుకాణానికి నలుగురు పరుగెత్తారు. తీరా ఆ వాక్యం పూర్తిగా ఏమిటయ్యా అంటే – నెలవంక కనిపించినట్లు ఎక్కడినుంచీ సమాచారం అందలేదని! మన తెలుగులో అవును, కాదు అనేది వాక్యం చివర ఉంటుంది. నేను చివరిదాకా ఆగలేదు.

అబ్బా నా చెవి మెలిపెట్టి, "వెళ్లి ప్రతి గుమ్మంలోనూ తప్పు చెప్పానని చెప్పిరా" అని పంపారు. వెళ్లాను. కాని తప్పుమాట పరుగెత్తినంత జోరుగా దిద్దుబాటు పరుగెత్తదు. సందు చివర ఒంటరిగా ఉండే ముసలమ్మ అప్పటికే తలుపు వేసుకుని నిద్రపోయింది. రేపు ఈద్ అనుకుని సహరీకి లేవలేదు. మర్నాడు సంగతి తెలిసి, పచ్చి మంచినీళ్లయినా తాగకుండా రోజా ఉంది. సాయంత్రం ఇఫ్తార్‌కు మా అమ్మీ నా చేతే ఆమెకు గంజి పంపింది. ఆమె నన్ను తిట్టలేదు. "పూర్తిగా విని చెప్పు నాయనా" అంది, అంతే.

రెండోది నవ్వుకోదగ్గది కాదు.

1977 నవంబరు. నేను ఇంటర్ చదువుతున్నాను. మా అమ్మీ తమ్ముడు, మా మామూ, గాజుల వ్యాపారి. భుజాన గాజుల మలారం వేసుకుని రేపల్లె వైపు పల్లెలు తిరిగేవాడు. 18వ తేదీ శుక్రవారం రాత్రి వార్తల్లో తీరప్రాంతాలకు తుఫాను హెచ్చరిక చెప్పారు. మామూ మర్నాడు బయలుదేరుతున్నాడని ఇంట్లో అందరికీ తెలుసు. "వెళ్లి మామూకు చెప్పిరా, రేపు ఆగమను" అన్నారు అబ్బా. మామూ ఇల్లు నాలుగు సందుల అవతల. బయట ఈదురుగాలి. రేడియోలో పాటలు మొదలయ్యాయి. తెల్లవారి చెబుదాంలే అనుకున్నాను. తుఫాను హెచ్చరికలు ఏటా వింటున్నవే కదా!

తెల్లవారి వెళ్లేసరికి మామూ మొదటి బస్సుకే వెళ్లిపోయాడు.

ఆనాటి సంగతి పెద్దలందరికీ తెలుసు. 19వ తేదీ శనివారం సాయంత్రం తుఫాను చీరాల దగ్గర తీరం దాటింది. సముద్రం ఉప్పెనై దివిసీమమీద పడింది. మన రేపల్లె, నిజాంపట్నం, బాపట్ల వైపు ఊళ్లూ దెబ్బతిన్నాయి. పదివేలమంది పోయారని సర్కారు లెక్క. చూసినవాళ్లు అంతకంటె ఎక్కువేనంటారు. తంతి స్తంభాలు కూలాయి, రోడ్లు తెగాయి. మాకున్నదల్లా మళ్లీ ఆ రేడియోయే. నాలుగు రోజులు ఆ పెట్టె ముందు కూర్చున్నాను. ఒక్కొక్క ఊరి పేరు చెబుతుంటే నా గుండె ఆగిపోయేది. వసారాలోకి వెళ్లి ఏం చెప్పాలి? మామూకు నేను చెప్పలేదన్న మాట అప్పటికి ఎవరికీ తెలియదు.

అయిదోనాడు మామూ వచ్చాడు. ఎవరిదో లుంగీ, ఎవరిదో చొక్కా. కాళ్లు పుళ్లు. కొంత దూరం నడిచి, కొంత దూరం లారీమీద వచ్చాడు. ఒక రైతు కుటుంబంవారు తమ మిద్దెమీద చోటిచ్చి, ఆ రాత్రంతా ఉన్న ఒక్క దుప్పటిలో అతన్నీ కలుపుకున్నారట. మలారం పోయింది. మలారం పోతే పోయింది. అతనితో కలిసి తిరిగే పూసల వ్యాపారి ఇంకా కిందికి, సముద్రం వైపు వెళ్లాడు. అతను రాలేదు.

ఆ రాత్రి నానీ దగ్గర కూర్చుని జరిగింది చెప్పేశాను. ఆమె చాలాసేపు నా తలమీద చెయ్యివేసి ఊరుకుంది. చివరకు ఒకటే మాట అంది. "విన్న మాట అమానత్‌రా బేటా. ఎవరిదో సొత్తు నీ దగ్గర ఉంచారు. అందవలసినవాళ్లకు అందించకుండా దాచుకుంటే అది ఖియానత్."

నేను చెప్పి ఉంటే మామూ ఆగేవాడో లేదో తెలియదు. ఆ పూసల వ్యాపారికి చెప్పేవాడో లేదో తెలియదు. తెలియకుండా ఉండటమే నాకు శిక్ష. మామూ నన్ను ఏనాడూ ఏమీ అనలేదు. కాని రెండేళ్లు ఆ వైపు వ్యాపారానికి వెళ్లలేదు. ఎందుకని అడిగితే, "గాజులు పగలగొట్టుకున్న ఊళ్లకు గాజులెలా పట్టుకెళ్లమంటావురా?" అన్నాడు.

సోదరులారా, ఇదంతా పాత కథ. లైసెన్సులు 1980ల్లో పోయాయి. మా మర్ఫీ రేడియో ఎప్పుడో మూలపడింది. ఇప్పుడు ఆకాశవాణిని కూడా ఫోన్‌లోనే వినవచ్చు. తెలుగే కాదు, ఉర్దూ సర్వీసు కూడా వస్తుంది. నేనూ వింటున్నాను. సాధనాలు పెరిగాయి, సంతోషమే. మరి చెప్పుకోవడం?

మన ఫోన్లలో రోజూ వందల మాటలు వచ్చిపడుతున్నాయి. చదవకుండానే, చివరిదాకా వినకుండానే బొటనవేలితో పదిమందికి తోసేస్తున్నాం. నా చిన్నప్పటి నెలవంక తప్పు ఇప్పుడు ఇంటింటా జరుగుతోంది. 2020లో కరోనా రోజులు గుర్తుచేసుకోండి. ఎవరో పుట్టించిన మాటలవల్ల మన పేటల్లో తోపుడుబండిమీద కూరగాయలు అమ్మే కుర్రాళ్లు కూడా అవమానాలు పడ్డారు. అది మనకు బాధ కలిగించింది. ఆ మరుసటి ఏడు టీకాల విషయంలో మనలో కొందరు ఎవరో పంపిన తప్పుమాట నమ్మి, మరో నలుగురికి పంపి, పెద్దవాళ్లను టీకా వేయించుకోకుండా ఆపారు. అది కూడా దాచకుండా ఒప్పుకోవాలి. తప్పుమాట మనమీద పడితే అన్యాయం, మన చేతిమీదుగా పోతే పొరపాటు అనుకోవడం న్యాయం కాదు.

మరో పక్క, చెప్పవలసినవి చెప్పడం లేదు. మన ఇళ్లల్లో చదవలేని నానీలు, చెవి మందమైన దాదాలు ఇంకా ఉన్నారు. స్కాలర్‌షిప్పు దరఖాస్తుకు గడువు వచ్చిందని, ఫలానా చోట కంటి శిబిరం ఉందని ఎక్కడో వింటాం. మనకు అవసరం లేదు గనక అక్కడితో వదిలేస్తాం. నాలుగు సందుల అవతల దాని అవసరం ఉన్నవాళ్లుంటారు. తెల్లవారి చెబుదాంలే అనుకుంటాం.

అమెరికాలో ఉన్న మా మేనల్లుడు ఒక సంగతి చెప్పాడు. అక్కడ ప్రజల రేడియో ఒకటి ఉంది. దానిలో కథ వింటూ ఇంటికి చేరినవాళ్లు, కథ అయ్యేదాకా కారు దిగకుండా వాకిట్లోనే కూర్చుంటారట. మన హోటలు ముందు ఆగిన సైకిళ్లే గుర్తొచ్చాయి నాకు! 2003లో అక్కడ స్టోరీకోర్ అనే సంస్థ న్యూయార్కు రైల్వే స్టేషన్లో ఒక చిన్న గది పెట్టింది. పేరున్నవాళ్లు కాదు, మామూలు మనుషులే. తల్లీకొడుకులు, తాతా మనవలు, ఇద్దరిద్దరు వచ్చి నలభై నిమిషాలు మాట్లాడుకుంటారు. ఆ మాటల్ని వాళ్ల జాతీయ గ్రంథాలయంలో భద్రపరుస్తారు. వాటిలో కొన్ని వారం వారం రేడియోలో వస్తాయి. అంతే పని. దానికి పెద్ద డబ్బేమీ అక్కరలేదు. అడిగేవాడు ఒకడు, చెప్పేవాడు ఒకడు కావాలి.

కనుక మన సంఘానికి నా మనవి ఇది. నెలకొక ఆదివారం, అసర్ నమాజు తరువాత గంటసేపు, ఈ హాలులోనే కూర్చుందాం. ఆ నెలలో రేడియోలో గాని మరెక్కడయినా గాని విన్న మంచి సంగతి ఒకటి ఒక్కొక్కరు చెప్పాలి. పిల్లలు తప్పనిసరిగా చెప్పాలి. ఆడవాళ్లవైపు వేరే ఏర్పాటు చేద్దాం. ఎక్కడ విన్నారో ముందు చెప్పాలి. చివరిదాకా విన్నదే చెప్పాలి. కథకు తాలింపు వేసుకోవచ్చు గాని, వార్తకు మాత్రం వేయకూడదు. ఎవరికి పనికివచ్చే మాట ఉందో వాళ్లు సభకు రాకపోతే, ఆ సాయంత్రమే ఒకరు వాళ్లింటికి వెళ్లి చెప్పిరావాలి.

రెండోది, మన పేటల్లో ఎనభై దాటినవారి మాటల్ని ఈ ఏడాదే ఫోన్లలో రికార్డు చేద్దాం. మనవలే అడగాలి. మిర్చి పనులు, పత్తి మిల్లులు, ఆనాటి బడులు, తుఫాను రాత్రి – అన్నీ. మా నానీ గొంతు నా దగ్గర లేదు. మా మామూ గొంతూ లేదు. ఆయన పదేళ్ల క్రితం పోయాడు. మిద్దెమీద చోటిచ్చిన ఆ రైతు పేరు ఏమిటని నేను ఏనాడూ అడగలేదు. ఆ పేరు ఆయనతోనే పోయింది. మీకు ఆ లోటు రాకూడదు.

మొదటి ఆదివారం నేను వస్తాను. నెలవంక కథ మళ్లీ చెప్పమంటే చెబుతాను – ఈసారి వాక్యం చివరిదాకా.

 విన్నారు గనక ఇప్పుడిది మీ దగ్గర అమానత్. ఈ రోజు సభకు రాలేకపోయినవాళ్లకు ఇంటికి వెళ్లి చెప్పండి.

ఖుదా హాఫిజ్.